వాటర్ పార్కుకు వెళ్తున్నారా? గేటు దగ్గర కాదు.. ఇంట్లోనే తేల్చుకోవాల్సిన విషయాలివి

ఎల్బీనగర్‌లో ఒక కుటుంబం ఉందనుకుందాం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నానమ్మ. వేసవి సెలవుల్లో ఓ ఆదివారం వాటర్ పార్కుకు బయల్దేరారు. 'చిన్నోడికి ఇంకా మూడేళ్లు నిండలేదు, టికెట్ అక్కర్లేదు' అనుకున్నారు. గేటు దగ్గర ఎత్తు కొలిచి టికెట్ తీసుకోమన్నారు. పెద్దమ్మాయి వేసుకున్నది కాటన్ చుడీదార్. దాంతో నీళ్లలోకి రానివ్వలేదు. అక్కడే షాపులో కొత్త దుస్తులు కొనాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న నానమ్మకు ఏ రైడూ కుదరలేదు. ఆమె రోజంతా బ్యాగులకు కాపలా కూర్చున్నారు.

ఇవేవీ అనుకోకుండా వచ్చి పడే ఇబ్బందులు కావు. ముందు రోజు రాత్రి పావుగంట కూర్చుంటే తేలిపోయేవే. డబ్బుతో సరిపెట్టుకోలేని ప్రశ్న మాత్రం ఒకటుంది. నీళ్లలో ఉన్నంతసేపూ పిల్లల మీద కన్ను ఎవరిది? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి వెళ్లే కుటుంబాలు బయల్దేరే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

ఎక్కడికి వెళ్లొచ్చు?

నగరానికి తూర్పున ఉన్నవారికి దగ్గరగా ఉండే పెద్ద పార్కు వండర్‌లా. ఇది ఔటర్ రింగ్ రోడ్డు 13వ నంబర్ ఎగ్జిట్ దగ్గర, రావిర్యాల-కొంగర కలాన్ ప్రాంతంలో ఉంది. కొచ్చి, బెంగళూరు తర్వాత ఈ సంస్థ తన మూడో పార్కును 2016 ఏప్రిల్‌లో ఇక్కడ ప్రారంభించింది. నీటి రైడ్లతో పాటు నీళ్లు అవసరం లేని రైడ్లు కూడా ఉంటాయి కాబట్టి దీనికి ఒక పూర్తి రోజు కేటాయించుకోవాలి.

అంత దూరం వద్దు, సగం రోజు చాలు అనుకుంటే నెక్లెస్ రోడ్డులో హుస్సేన్‌సాగర్ పక్కనే జలవిహార్ ఉంది. వండర్‌లాతో పోలిస్తే చిన్నది. మెట్రోలో వెళ్లి రావాలనుకునే కుటుంబాలకు, చిన్న పిల్లలున్న వారికి ఇది సులువు. గండిపేట, శంకర్‌పల్లి వైపు కూడా వాటర్ పార్కులున్నాయి. కానీ ఎల్బీనగర్ నుంచి నగరానికి రెండో కొసకు వెళ్లాలి. రాకపోకలకే చాలా సమయం పోతుంది.

ఎంచుకునేటప్పుడు చూడాల్సింది పార్కు పేరు కాదు, మీ ఇంట్లో ఎవరెవరు వస్తున్నారన్నది. అందరూ పదేళ్లలోపు పిల్లలే అయితే పెద్ద స్లైడ్ల మీదికి వారిని ఎక్కనివ్వరు. వాటి కోసం పెట్టే ఖర్చు వృథా. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే చిన్న పార్కు వారికి రెండు గంటల్లో విసుగొస్తుంది.

ఎలా చేరుకోవాలి?

సొంత కారులో వండర్‌లాకు: ఎల్బీనగర్ నుంచి సాగర్ రింగ్ రోడ్డు మీదుగా నాగార్జునసాగర్ రోడ్డెక్కాలి. బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్, తుర్కయాంజాల్ దాటితే బొంగుళూరు దగ్గర ఓఆర్‌ఆర్ వస్తుంది. ఇది 12వ నంబర్ ఎగ్జిట్. అక్కడి నుంచి శంషాబాద్ దిశగా తర్వాతి ఎగ్జిట్టే రావిర్యాల. ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు ఎక్కితే టోల్ ఉంటుంది కాబట్టి ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందే చూసుకోండి. సర్వీస్ రోడ్డులో వెళ్తే టోల్ ఉండదు, కాస్త ఆలస్యమవుతుంది.

బైక్ మీద వెళ్లేవారు: ఓఆర్‌ఆర్ మెయిన్ క్యారేజ్‌వే మీదికి ద్విచక్ర వాహనాలు, ఆటోలను అనుమతించరు. మ్యాప్‌లో కారు గుర్తు నొక్కి ఉంటే అది మిమ్మల్ని నేరుగా టోల్ గేటుకే తీసుకెళ్తుంది. బైక్ గుర్తు ఎంచుకుని సర్వీస్ రోడ్డులోనే వెళ్లండి. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. బైక్ మీద ముగ్గురు వెళ్లడం చట్టరీత్యా కుదరదు.

ఆర్టీసీ బస్సులో: దిల్‌సుఖ్‌నగర్ మీదుగా సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం వైపు వెళ్లే 277 సిరీస్ బస్సులు ఎక్కి బొంగుళూరు గేట్ దగ్గర దిగొచ్చు. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. వెళ్లేటప్పుడు ఆటో దొరకడం పెద్ద కష్టం కాదు. సాయంత్రం పార్కు మూసే వేళ అందరూ ఒకేసారి బయటికొస్తారు, అప్పుడే ఇబ్బంది. తిరుగు ప్రయాణం సంగతి ముందే మాట్లాడుకోండి. బస్సు ఎక్కడుందో టీజీఎస్‌ఆర్టీసీ 'గమ్యం' యాప్‌లో చూసుకోవచ్చు.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు ఉచితంగా ప్రయాణించొచ్చు. అయితే రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ తీసుకోవాలి. 'ఎలాగూ ఫ్రీయే కదా' అని కార్డులు ఇంట్లో వదిలేస్తే టికెట్ కొనాల్సిందే.

మెట్రోలో జలవిహార్‌కు: ఎల్బీనగర్-మియాపూర్ రెడ్ లైన్‌లో ఎల్బీనగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఎక్కడ ఎక్కినా రైలు మారకుండా ఖైరతాబాద్‌లో దిగొచ్చు. ప్రయాణం సుమారు అరగంట. అక్కడి నుంచి నెక్లెస్ రోడ్డుకు ఆటో. పిల్లలు అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు మలక్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఇంటికి చేరొచ్చు.

టికెట్: వయసు కాదు, ఎత్తు

రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఆ అలవాటుతోనే చాలామంది ఇక్కడా వయసు చెబుతారు. వాటర్ పార్కుల్లో లెక్క వేరు. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. 85 నుంచి 140 సెంటీమీటర్ల వరకు పిల్లల టికెట్. ఆపైన ఉంటే పెద్దల టికెట్టే.

పిల్లలు మామూలుగా రెండేళ్లు వచ్చేసరికే 85 సెంటీమీటర్లకు చేరుకుంటారు. పదేళ్లు దాటాక 140 సెంటీమీటర్లు వస్తాయి. అంటే మూడేళ్ల బాబుకు టికెట్ దాదాపు ఖాయం. ఆరో తరగతి చదివే అమ్మాయికి పెద్దల టికెట్ పడే అవకాశమే ఎక్కువ. ముందు రోజు చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. తల మీద పుస్తకం పెట్టి పెన్సిల్ గీత గీసి, టేపుతో కొలవండి. ఆ కొలత టికెట్‌కే కాదు, ఏ రైడ్ ఎక్కనిస్తారో తెలుసుకోవడానికీ పనికొస్తుంది. ప్రతి రైడ్‌కూ కనీస ఎత్తు నిబంధన వేరుగా ఉంటుంది. 'నువ్వు ఎక్కొచ్చులే' అని ముందే మాటిచ్చి క్యూలో అరగంట నిలబడ్డాక వెనక్కి పంపిస్తే ఆ ఏడుపు ఆపడం కష్టం.

ధర చూసేటప్పుడు మొదటి పేజీలో కనిపించే అంకెను నమ్ముకోవద్దు. వాటర్ పార్కు టికెట్ మీద జీఎస్టీ 18 శాతం. 2018 జనవరి 25కు ముందు ఇది 28 శాతం ఉండేది. రూ.1,000 అని చూపించి 'పన్నులు అదనం' అంటే చెల్లించేది రూ.1,180. ఐదుగురికి అదనంగా రూ.900 అవుతుంది. కాబట్టి డబ్బు కట్టే చివరి పేజీ వరకు వెళ్లి మొత్తం చూడండి. దానికి లాకర్ అద్దె, పార్కింగ్, భోజనం, టోల్ లేదా ఆటో ఖర్చు కలపండి. అప్పుడే అసలు బడ్జెట్ తెలుస్తుంది.

సోమవారం నుంచి శుక్రవారం వరకు ధర, రద్దీ రెండూ తక్కువగా ఉంటాయి. పాఠశాలలకు సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి కాబట్టి ఒక్క పూట సెలవు పెట్టగలిగినా మామూలు రోజునే ఎంచుకోండి. ఆదివారం ఐదు రైడ్లు ఎక్కే సమయంలో మంగళవారం పది ఎక్కొచ్చు. విద్యార్థులకు ఐడీ కార్డుతో, పరీక్షల సీజన్‌లో హాల్ టికెట్‌తో రాయితీలు ప్రకటిస్తుంటారు. అసలు కార్డు చూపించమంటారు కాబట్టి ఫోన్‌లో ఫొటో ఉంటే చాలనుకోవద్దు.

టికెట్లు పార్కు అధికారిక వెబ్‌సైట్‌లోనో, గేటు కౌంటర్‌లోనో కొనండి. సోషల్ మీడియాలో 'ఈ రోజు మాత్రమే 70 శాతం తగ్గింపు' అంటూ వచ్చే లింకులు, వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి డబ్బులడిగేవారితో జాగ్రత్త. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తేదీ మార్పు, రద్దు నిబంధనలు కొనక ముందే చదవండి. పిల్లలకు జ్వరం చెప్పి రాదు కదా.

కాటన్ ఎందుకు వద్దంటారు?

గేటు దగ్గర ఎక్కువ వాదనలు జరిగేది దుస్తుల గురించే. ఇది షాపులో అమ్ముకోవడానికి పెట్టిన నిబంధన అనుకుంటారు చాలామంది. అసలు కారణాలు వేరే ఉన్నాయి. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఈత రానివారిని ఆ బరువు కిందికి లాగుతుంది. కాటన్ నూలు పోగులు ఊడి ఫిల్టర్లలో చేరతాయి. చున్నీ, చీర కొంగు, వదులు దుస్తులు స్లైడ్‌లో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. జీన్స్ జిప్పులు, లోహపు హుక్కులు స్లైడ్‌ను గీరుతాయి. వెనక వచ్చేవారి ఒంటికి తగులుతాయి.

నైలాన్, పాలిస్టర్, లైక్రా దుస్తులైతే సరిపోతాయి. ఖరీదైన స్విమ్‌సూట్ అవసరం లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద, కొత్తపేట రోడ్డులో స్పోర్ట్స్ టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు, లెగ్గింగ్స్ దొరుకుతాయి. మోకాళ్ల కిందికి, మోచేతుల దాకా ఉండాలనుకునే మహిళలకు ఫుల్ స్లీవ్ స్పోర్ట్స్ టాప్, లెగ్గింగ్స్ చక్కగా సరిపోతాయి. ఎండ నుంచీ కాపాడతాయి. కొనేటప్పుడు లోపలి లేబుల్ చూడండి. 'కాటన్' అని ఉంటే పక్కన పెట్టండి.

మంగళసూత్రం, గాజులు, చెవి రింగులు, పట్టీలు ఇంట్లో పెట్టి వెళ్లడమే మేలు. తీయడం ఇష్టం లేకపోతే పసుపుతాడుతో సరిపెట్టుకుని బంగారు గొలుసు ఇంట్లో ఉంచండి. స్లైడ్‌లో పోయిన బంగారం దొరకడం కష్టం.

ఎవరు ఏ రైడ్ ఎక్కకూడదు?

గర్భిణులు, గుండె జబ్బు, అధిక రక్తపోటు, మూర్ఛ, వెన్ను లేదా మెడ నొప్పి ఉన్నవారు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవారు వేగంగా జారే స్లైడ్లు, ఎత్తు నుంచి పడే రైడ్లు ఎక్కకూడదు. బోర్డు మీద ఈ జాబితా ఉంటుంది. 'ఒక్కసారే కదా' అనొద్దు. మద్యం తాగినవారు నీళ్లలోకే దిగకూడదు.

మూర్ఛ ఉన్న పిల్లలను నీళ్లకు పూర్తిగా దూరం పెట్టాల్సిన పని లేదు. కానీ డాక్టర్‌ను అడిగి, మందులు మానకుండా, ఒక పెద్ద మనిషి చేతికందేంత దూరంలో ఉంటేనే లోతు లేని నీళ్లలోకి దించాలి. లైఫ్‌గార్డ్‌కు ముందే చెప్పాలి.

తాతయ్య, నానమ్మలను తీసుకెళ్తుంటే వారికీ ఆ రోజు బాగుండాలి కదా. నీడ, కుర్చీలు, టాయిలెట్ దగ్గరగా ఉన్న చోటు ముందే చూసి పెట్టండి. లేజీ రివర్ లాంటి నెమ్మదైన నీటి రైడ్ ఉందో కనుక్కోండి. బీపీ, షుగర్ మాత్రలు లాకర్‌లో పెట్టకుండా వారి చేతి సంచిలోనే ఉంచండి. తడి నేల మీద జారే ప్రమాదం పెద్దవారికే ఎక్కువ. పట్టున్న రబ్బరు చెప్పులు వేయించండి.

అసలు విషయం: పిల్లల మీద కన్ను ఎవరిది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. మన దేశంలో 2022లో ఇలా చనిపోయినవారు 38 వేలకు పైనే అని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. ఇందులో చెరువులు, బావులు, నదుల్లో జరిగినవే ఎక్కువ. కానీ మునిగేటప్పుడు మనిషి శరీరం చేసే పని ఎక్కడైనా ఒకటే.

సినిమాల్లో చూపించినట్టు చేతులూపి, 'కాపాడండి' అని అరుస్తూ ఎవరూ మునిగిపోరు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు. అరవడం ఎలా కుదురుతుంది? తల వెనక్కి వాలుతుంది. కళ్లు ఎటో చూస్తుంటాయి. చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. మనిషి నిలువుగా ఉండి, ఉన్నచోటే ఉంటాడు. చూసేవారికి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఒక నిమిషం కూడా పట్టదు. చిన్న పిల్లలకు మోకాలి లోతు నీళ్లు చాలు.

వేవ్ పూల్ అందరికీ ఇష్టం. జాగ్రత్త ఎక్కువ పడాల్సిందీ అక్కడే. ఒడ్డున లోతు ఉండదు, లోపలికి వెళ్లే కొద్దీ పెరుగుతుంది. అలలు మొదలవగానే నిలబడ్డ పిల్లల కాళ్లు లేచిపోతాయి. చుట్టూ వందల మంది, మధ్యలో ట్యూబులు. వాటి కింద ఒక చిన్న తల కనిపించదు. లైఫ్‌గార్డ్ ఉంటారు నిజమే. కానీ ఆయన చూడాల్సింది అందరినీ, మీ బిడ్డ ఒక్కరినే కాదు.

అందుకే ఇంట్లోనే ఒక ఒప్పందం చేసుకోండి. 'మనమంతా ఉన్నాం కదా' అనుకుంటే ఎవరూ చూడరు. ఒక్కొక్కరు 20 నిమిషాల చొప్పున వంతులేసుకోండి. ఆ 20 నిమిషాలూ ఫోన్ లేదు, సెల్ఫీ లేదు, కబుర్లు లేవు. వంతు మారేటప్పుడు 'ఇప్పుడు నువ్వు చూడు' అని నోటితో చెప్పాలి. అవతలివారు 'సరే' అనాలి. ఐదేళ్లలోపు పిల్లలైతే ఒడ్డున కూర్చుని చూడటం చాలదు. చేయి చాపితే అందేంత దూరంలో నీళ్లలోనే ఉండాలి. పదేళ్ల అక్కకు నాలుగేళ్ల తమ్ముణ్ని అప్పగించొద్దు. అది ఆమె మోయగల బాధ్యత కాదు.

చేతులకు తొడిగే గాలి బుడగలు, ట్యూబులు ఆట వస్తువులే. జారిపోతాయి, గాలి పోతుంది. పార్కులో లైఫ్ జాకెట్ ఇస్తారేమో అడగండి. సైజు సరిపోయి, బెల్టులన్నీ బిగిస్తేనే అది పనిచేస్తుంది. పిల్లలకు ముదురు నీలం దుస్తులు వద్దు. నీళ్లలో కలిసిపోతాయి. నారింజ, గులాబీ లాంటి కొట్టొచ్చే రంగులు వేయండి. లోపలికి వెళ్లగానే పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి. తప్పిపోతే ఏం వేసుకున్నారో చెప్పడానికి పనికొస్తుంది. ఒక గుర్తు చోటు చూపించి 'తప్పిపోతే ఇక్కడికే రా' అని చెప్పండి. నీళ్ల దగ్గర పిల్లలు కనిపించకపోతే ముందు వెతకాల్సింది టాయిలెట్‌లోనో క్యాంటీన్‌లోనో కాదు, నీళ్లలోనే.

ఎవరైనా మునిగితే బయటికి తీసి, పిలిచి చూడాలి. పలక్కపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే లైఫ్‌గార్డ్‌ను, 108ని పిలవాలి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయొద్దు. తలకిందులుగా పట్టుకోవద్దు. నీట మునిగినవారికి లోపించింది ఆక్సిజన్. కాబట్టి సీపీఆర్‌లో ఛాతీ నొక్కడంతో పాటు నోటి ద్వారా ఊపిరి ఇవ్వడమూ ముఖ్యమే. సహాయం అందేదాకా ఆపొద్దు. తేరుకున్నాక కూడా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరైన పిల్లలకు తర్వాతి కొన్ని గంటల్లో దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, మత్తుగా ఉన్నా ఆలస్యం చేయొద్దు.

నీళ్లు శుభ్రంగా ఉన్నాయా?

ఘాటైన క్లోరిన్ వాసన వస్తే 'మందు బాగా వేశారు' అనుకుంటాం. నిజానికి ఆ వాసన, కళ్ల మంట ఎక్కువగా క్లోరమైన్ల వల్ల వస్తాయి. చెమట, మూత్రం, ఒంటి మురికి క్లోరిన్‌తో కలిసినప్పుడు ఇవి పుడతాయి. అంటే ఘాటు ఎక్కువైతే నీళ్లలో మురికి ఎక్కువైందని అర్థం. మనమే చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. ఒడ్డున నిలబడి చూస్తే పూల్ అడుగు, అక్కడి జాలీ స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే దిగొద్దు. అడుగు కనిపించని నీళ్లలో మునిగినవారు కూడా కనిపించరు.

మన వంతు కూడా ఉంది. దిగే ముందు షవర్ కింద నిలబడాలి. పిల్లలను గంటకోసారి టాయిలెట్‌కు తీసుకెళ్లాలి. విరేచనాలున్నవారు నీళ్లలోకి దిగకూడదు. క్రిప్టోస్పొరిడియం అనే క్రిమి సరిపడా క్లోరిన్ ఉన్న నీళ్లలోనూ వారం రోజులకు పైగా బతుకుతుంది. పసిపిల్లలకు వేసే స్విమ్ డైపర్ దీన్ని ఆపలేదు. నీళ్లు మింగొద్దని పిల్లలకు చెప్పండి.

ఎండ, ఉరుము

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు తాకుతుంది. నీళ్లలో ఉంటే ఎండ తెలియదు, దాహం వేయదు. కానీ ఒంట్లో నీరు తగ్గుతూనే ఉంటుంది. గంటకోసారి పైకి వచ్చి నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగాలి. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు భోజనం, నీడలో ఉండే రైడ్లు పెట్టుకోండి. సన్‌స్క్రీన్ వాడితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. తలనొప్పి, వాంతులు, తడబాటు కనిపిస్తే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే ప్రథమ చికిత్స కేంద్రానికి తీసుకెళ్లండి.

ఇదే కాలంలో సాయంత్రం వేళ ఈదురుగాలులు, పిడుగులతో వానలు పడుతుంటాయి. ఉరుము వినిపించగానే నీళ్లలోంచి బయటికి వచ్చేయాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. రైడ్లు ఆపేశారని సిబ్బందితో గొడవ పడొద్దు. చాలా పార్కుల్లో నీటి రైడ్లకు విడిగా వేళలుంటాయి. అవి పార్కు మూసే సమయం కన్నా ముందే ఆగిపోతాయి. ఇష్టమైన నీటి రైడ్లను చివరికి పెట్టుకోవద్దు.

దుస్తులు మార్చుకునే గదుల్లో

గదిలోకి వెళ్లగానే పైన, హుక్కుల దగ్గర, తలుపు సందుల్లో ఒకసారి చూడండి. అనుమతి లేకుండా మహిళను ప్రైవేటు స్థితిలో చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారైతే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. అనుమానం వస్తే వస్తువును తాకకుండా బయటికి వచ్చి 112కి ఫోన్ చేయండి. పూల్ దగ్గర తెలియనివారు మీ పిల్లలను వీడియో తీస్తుంటే సిబ్బందికి చెప్పే హక్కు మీకుంది. మన రీల్స్‌లో పక్కవారి పిల్లలు పడకుండా చూడటమూ మన బాధ్యతే.

వాటర్ బాటిల్ ధర, బయటి తిండి

బయటి ఆహారాన్ని సాధారణంగా అనుమతించరు. పసిపిల్లల ఆహారం, మందులు ఉంటే గేటు దగ్గర చెప్పి తీసుకెళ్లండి. తాగునీటి కుళాయిలు ఎక్కడున్నాయో వెళ్లగానే అడగండి.

ప్యాక్ చేసిన బాటిల్‌ను కౌంటర్‌లో ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు. ఒకే వస్తువుకు రెండు రకాల ఎమ్మార్పీలు ముద్రించడమూ 2018 జనవరి 1 నుంచి కుదరదు. అయితే రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి వడ్డించినప్పుడు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ అమ్మేది బాటిల్ మాత్రమే కాదు, సేవ కూడా అన్నది దాని వాదన. కాబట్టి కౌంటర్‌లో చేతికిచ్చారా, టేబుల్ దగ్గర వడ్డించారా అన్నదే తేడా. బిల్లు అడిగి తీసుకోండి.

దెబ్బ తగిలితే, మోసం జరిగితే

'ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని టికెట్ వెనక రాసి ఉంటుంది. దాంతో అంతా అయిపోయినట్టు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో నిర్లక్ష్యం కూడా సేవాలోపమే. పగిలిన స్లైడ్, లేని లైఫ్‌గార్డ్, పనిచేయని బెల్టు వల్ల గాయమైతే ప్రశ్నించవచ్చు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో మంటలు చెలరేగి 27 మంది చనిపోయారు. వారిలో పిల్లలున్నారు. వినోదం అమ్మే చోట భద్రతను అడగడం చాదస్తం కాదని ఆ ఘటన గుర్తుచేస్తుంది. లోపలికి వెళ్లగానే బయటికి దారులు, ప్రథమ చికిత్స కేంద్రం ఎక్కడున్నాయో చూసుకోండి.

గాయమైతే ప్రథమ చికిత్స కేంద్రంలో నమోదు చేయించండి. ఆ చోటు ఫొటోలు తీయండి. టికెట్, బిల్లులు, ఆస్పత్రి కాగితాలు దాచండి. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. పార్కు ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. 'ఈ-జాగృతి' పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు.

ముందు రోజు రాత్రి చూసుకోవాల్సినవి

- పిల్లల ఎత్తు కొలిచారా? దాని ప్రకారమే టికెట్లు తీసుకున్నారా?
- అందరికీ నైలాన్ లేదా పాలిస్టర్ దుస్తులు, మార్చుకోవడానికి ఒక జత, టవల్, తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి.
- గుర్తింపు కార్డులు, విద్యార్థి కార్డులు, ఫాస్టాగ్ బ్యాలెన్స్.
- రోజూ వేసుకునే మందులు, ఓఆర్‌ఎస్, బ్యాండేజీలు.
- బంగారం ఇంట్లోనే.
- ఎవరికైనా జ్వరం, విరేచనాలు ఉన్నాయా? ఉంటే తేదీ మార్చండి.
- తిరిగి వచ్చే బస్సు లేదా ఆటో ఏర్పాటు. కారైతే ఎవరు నడుపుతారు? రోజంతా నీళ్లలో ఉన్నవారికి దారిలో నిద్ర ముంచుకొస్తుంది. ఒకరు కాస్త తక్కువ ఆడి, విశ్రాంతి తీసుకోవాలి.
- పిల్లలను ఎవరు, ఎప్పుడు చూస్తారో వంతులు.

ఇందులో ఏది మరిచిపోయినా డబ్బుతోనో, కాస్త చికాకుతోనో గడిచిపోతుంది. చివరిది మాత్రం మరిచిపోవడానికి వీల్లేదు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించినా తప్పు లేదు.